పొద్దున స్లాటా, సాయంత్రం స్లాటా? క్యాన్సర్ చికిత్సకు వేళ ఎంచుకోవాల్సి వస్తే

మా పిన్నికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్ మొదలయ్యే ముందు రోజు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి అడిగింది: "పొద్దున ఎనిమిదింటికి వస్తారా ఆంటీ, సాయంత్రం ఆరింటికి వస్తారా? రెండిట్లోనూ ఖాళీ ఉంది." పిన్ని నా మొహం చూసింది. నేను "పొద్దున్నే రాయండమ్మా" అనేశాను. మంచి పని ఏదైనా పొద్దున్నే అయిపోవాలన్న ఇంటి అలవాటు తప్ప ఆ మాట వెనక ఇంకేమీ లేదు.

రెండో వారంలో పిన్నికి విరేచనాలు పట్టుకున్నాయి. పొత్తికడుపుకి రేడియేషన్ పెట్టేటప్పుడు ఇది మామూలేనని డాక్టరుగారు చెప్పి మాత్రలు రాశారు. ఒక రాత్రి ఆమె మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో చదువుతుంటే లక్నోలో జరిగిన ఒక పరిశోధన కంటపడింది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న బస్సు టైము లాంటిది కాదని నాకు అప్పుడు అర్థమైంది.

క్యాన్సర్ ఇంట్లోకి వచ్చాక ఇలాంటి ప్రశ్నలు చాలా వస్తాయి. రేడియేషన్ ఏ వేళకి? కీమో పొద్దున్నా, మధ్యాహ్నమా? పిల్లాడి మాత్ర ఎప్పుడు వేయాలి? నైట్ షిఫ్ట్ ఉద్యోగం కొనసాగించాలా? నిద్ర పట్టకపోతే మెలటోనిన్ మాత్ర మంచిదా, పొద్దుటి ఎండ మంచిదా? వీటి గురించి నేను చదివినవి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, నా అభిప్రాయంతో కలిపి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సరైన మందు, సరైన మోతాదు, మధ్యలో ఆపకుండా పూర్తి చేయడం, ఈ మూడింటి తర్వాతే వేళ. కానీ రెండు వేళలూ మన ముందు ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని ఎంచుకోనక్కర్లేదు.

ఒంట్లో గడియారం

పొద్దు వాలగానే నిద్రగన్నేరు ఆకులు ముడుచుకోవడం, చింతాకు ముడుచుకోవడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. వెలుతురు పోయింది కాబట్టి ముడుచుకుంటున్నాయి అనుకుంటాం. 1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే శాస్త్రవేత్త అత్తిపత్తి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు అసలే తగలకపోయినా పగటివేళకి అది ఆకులు విప్పుకుంది, రాత్రికి ముడుచుకుంది. అంటే గడియారం మొక్క లోపలే ఉంది.

మనలోనూ ఉంది. మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ళ నరాలూ కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల నాడీకణాల చిన్న ముద్ద ఒకటి ఉంటుంది. కంట్లో పడే వెలుగును బట్టి అది రోజూ తనను తాను సరిచేసుకుంటుంది. రాత్రి నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను ఊరడం, తెల్లవారేసరికి ఒంటిని మేల్కొలిపే కార్టిసాల్ అనే హార్మోను పెరగడం దాని చేతిలోనే ఉన్నాయి. అది కాక కాలేయం, పేగు, చర్మం, ఎముక మజ్జ, ఇలా దాదాపు ప్రతి కణంలోనూ ఒక చిన్న గడియారం ఉంటుంది. 'పీరియడ్' అనే జన్యువు చెప్పినట్టు తయారయ్యే ప్రోటీన్ రాత్రంతా పేరుకుని, తన తయారీని తనే ఆపేసి, పగలు తరిగిపోతుంది. ఈగల్లో ఈ సంగతి విప్పి చెప్పినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ వచ్చింది.

క్యాన్సర్‌కి దీనితో పనేమిటంటే, కణం ఎప్పుడు రెండుగా విడిపోవాలి, దెబ్బతిన్న డీఎన్‌ఏను ఎప్పుడు బాగుచేసుకోవాలి, కాలేయం మందును ఎంత వేగంగా విరగ్గొట్టాలి అన్నవాటిలో ఈ గడియారానికి పాత్ర ఉంది. గడియారానికి చెందిన పెర్2 జన్యువు చెడిపోయిన ఎలుకలకు రేడియేషన్ ఇస్తే, మామూలు ఎలుకల కంటే వాటిలో కణితులు బాగా ఎక్కువ వచ్చాయని 2002లో చూశారు. చాలా కణితుల్లో ఈ గడియారం గాడి తప్పి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణాలు మాత్రం వేళ పాటిస్తాయి. మంచి కణాలు విడిపోకుండా నెమ్మదిగా ఉన్న వేళ చూసి మందు కొడితే, వాటికి దెబ్బ తక్కువ తగిలి కణితికి మాత్రం తగలాల్సింది తగులుతుంది కదా? చికిత్స వేళల గురించి జరిగిన పరిశోధనలు చాలా వరకు ఈ ఆశ మీద నడిచినవే.

రేడియేషన్: నోటికి పొద్దున, పొత్తికడుపుకి సాయంత్రం

మన ఊళ్ళలో 'కరెంటు పెట్టడం' అంటారే, ఆ చికిత్స గురించి అందరికంటే మనకు దగ్గరి సమాచారం లక్నో నుంచే వచ్చింది. అక్కడి డాక్టర్లు రెండు పరిశోధనలు చేశారు.

మొదటిది నోరు, గొంతు క్యాన్సర్ వాళ్ళ మీద, 2009లో అచ్చయింది. కొందరికి ఉదయం, కొందరికి సాయంత్రం రేడియేషన్ ఇచ్చారు. తిండి కూడా దిగనంత తీవ్రమైన నోటిపూత ఉదయం వాళ్ళలో 26 శాతం మందికి, సాయంత్రం వాళ్ళలో 38 శాతం మందికి వచ్చింది. తేడా కనబడుతోంది గానీ, లెక్కల ప్రకారం గట్టిగా చెప్పగలిగినంత కాదు. అదే ఏడాది కెనడాలో 216 మంది మీద చేసిన పరిశోధనలోనూ మొగ్గు ఉదయం వైపే ఉంది. అక్కడా తేడా చిన్నదే.

రెండోది 2010లో వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న 229 మంది స్త్రీలు. ఉదయం 8 నుంచి 10 మధ్య రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో 87 శాతం మందికి విరేచనాలయ్యాయి. సాయంత్రం 6 నుంచి 8 మధ్య తీసుకున్నవాళ్ళలో 68 శాతం మందికి. తీవ్రమైనవి అయితే 14 శాతం, 5 శాతం. ఇక్కడ గాలి పూర్తిగా సాయంత్రం వైపు తిరిగింది.

ఒకే ఊళ్ళో చేసిన రెండు పరిశోధనల్లో ఫలితం ఇలా ఎదురుబొదురుగా రావడం మొదట నన్ను అయోమయంలో పడేసింది. తర్వాత అర్థమైంది. నోటి లోపలి పొర కణాలు ఎక్కువగా సాయంత్రం నుంచి రాత్రి దాకా విడిపోతుంటాయి. పేగు చివరి భాగపు పొర కణాల హడావుడి ఉదయం వేళ ఎక్కువ. విడిపోతున్న కణానికే రేడియేషన్ దెబ్బ బాగా తగులుతుంది. ఒంట్లో ఒక్కో భాగానికి ఒక్కో పొద్దు అన్నమాట.

కాబట్టి రెండు స్లాట్లూ ఖాళీ ఉండి, రెండింటికీ రాగలిగే వీలుంటే, నోరు, గొంతు, దవడ వాళ్ళు ఉదయం అడగండి. గర్భాశయ ముఖద్వారం వాళ్ళు సాయంత్రం అడగండి. రొమ్ముకో, ఊపిరితిత్తికో, ప్రొస్టేటుకో అయితే వేళ గురించి మనసు పాడుచేసుకోకండి, మీ ప్రయాణానికి ఏది సులువో అదే తీసుకోండి.

ప్రయాణం అన్నాను కాబట్టి ఒక మాట. హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని ఉన్నవాళ్ళకి సాయంత్రం స్లాట్ ఇబ్బంది కాదు. రోజూ సూర్యాపేట నుంచో, జడ్చర్ల నుంచో వచ్చి వెళ్ళేవాళ్ళు రాత్రి ఏడున్నరకి మెషిన్ మీద నుంచి లేచి, బస్టాండ్‌కి చేరి, పదకొండింటికి ఇంటికెళ్ళి, ఏమీ తినకుండా పడుకుంటే ఆ సాయంత్రపు లాభం బస్సులోనే కరిగిపోతుంది. ఆ ఇంటికి ఉదయమే మంచిది.

ఇంకొకటి, అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది. ముఖద్వార క్యాన్సర్‌కి బయటి నుంచి ఇచ్చే రేడియేషన్, ఆ తర్వాత లోపల పెట్టేది, రెండూ కలిపి 8 వారాల్లోపు అయిపోవాలి. ఆలస్యమైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. "ఇవాళ సాయంత్రం మెషిన్ రిపేర్, రేపు పొద్దున రండి" అంటే పొద్దున్నే వెళ్ళాలి. "నాకు సాయంత్రమే కావాలి, ఎల్లుండి వస్తాను" అనకూడదు. వేళ కోసం ఒక్క రోజు కూడా వదులుకోవద్దు.

కీమో: పాతికేళ్ళ ఆశ, ఒక ఎదురుదెబ్బ

కీమోని గడియారం చూసి ఇవ్వాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టిన డాక్టరు ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్సిస్ లెవీ. పెద్దపేగు క్యాన్సర్ వేరే అవయవాలకు పాకిన 186 మందిని ఆయన బృందం రెండుగా విభజించింది. ఒక గుంపుకి మందులు రాత్రింబవళ్ళు ఒకే ధారగా ఎక్కించారు. రెండో గుంపుకి, టైము సెట్ చేసిన పంపుతో, ఆక్సాలిప్లాటిన్ సాయంత్రం 4 గంటలకు ఎక్కువ పడేలా, 5-ఎఫ్‌యూ తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కువ పడేలా పెట్టారు. 1997లో ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన నోటిపూత ఒకే ధార వాళ్ళలో 76 శాతం, వేళ పాటించిన వాళ్ళలో 14 శాతం. పనులు చేసుకోలేనంతగా నరాలు దెబ్బతినడం 31 శాతం నుంచి 16కి తగ్గింది. కణితి కుంచించుకుపోయినవాళ్ళు 29 శాతం నుంచి 51కి పెరిగారు. ఆ అంకెలు చదివినప్పుడు, ఇది ప్రతి ఆసుపత్రిలోనూ ఎందుకు లేదని నాకు కోపమే వచ్చింది.

ఎందుకు లేదో 2006లో వచ్చిన ఇంకో పరిశోధన చెబుతుంది. ఈసారి 564 మంది. పోల్చింది పాతకాలపు ఒకే ధారతో కాదు, అప్పటికి అలవాటులోకి వచ్చిన రెండు రోజుల పద్ధతితో. మొత్తం మీద ఎంతకాలం బతికారన్న లెక్కలో రెండు గుంపులకూ తేడా లేదు. విడదీసి చూస్తే మాత్రం, వేళ పాటించిన పద్ధతిలో మగవాళ్ళు ఎక్కువకాలం బతికారు, ఆడవాళ్ళు తక్కువకాలం బతికారు. ఒకే గడియారాన్ని అందరికీ పెట్టడం వల్ల ఒకరికి లాభం, ఒకరికి నష్టం జరిగింది.

ఆ తర్వాత వచ్చినవి కూడా ఈ ఆడ, మగ తేడా వైపే వేలు చూపిస్తున్నాయి. ఇరినోటెకాన్ మందును 193 మందికి రకరకాల వేళల్లో ఇచ్చి చూస్తే, మగవాళ్ళకి ఉదయం, ఆడవాళ్ళకి మధ్యాహ్నం ఇబ్బందులు తక్కువగా ఉన్నాయని 2020లో అచ్చయింది. 2022లో దక్షిణ కొరియా నుంచి ఒక రకం లింఫోమా (శోషరస గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) గురించి వచ్చిన పరిశోధనలో, కీమో ఎక్కువసార్లు మధ్యాహ్నం తీసుకున్న ఆడవాళ్ళు, ఉదయం తీసుకున్నవాళ్ళ కంటే బాగున్నారు. మగవాళ్ళలో అలాంటి తేడా కనబడలేదు. ఇది పాత రికార్డులు తిరగేసి చూసింది కాబట్టి దీని మీద అంత బరువు పెట్టలేం.

ఇంతకీ ఏం చేయాలి? పెద్దపేగుకి ఇప్పుడు మన దగ్గర ఇచ్చే చాలా కోర్సుల్లో 5-ఎఫ్‌యూని 46 గంటలపాటు చిన్న పంపుతో ఎక్కిస్తారు, రోగి దాన్ని నడుముకి కట్టుకుని ఇంటికెళ్తారు. రెండు రాత్రులు, రెండు పగళ్ళు నడిచే మందుని ఏ గంటకి మొదలుపెట్టారని అడగడంలో పెద్ద అర్థం లేదు. మిగతా కీమోలకి, ఇంట్లో ఆడవాళ్ళకి ఇరినోటెకాన్ ఇస్తుంటే, లేదా వాళ్ళకి లింఫోమా అయితే, "మధ్యాహ్నం పడక దొరికితే ఇవ్వగలరా డాక్టరుగారూ?" అని ఒకసారి అడగడంలో తప్పు లేదు. కుదరదంటే అక్కడితో వదిలేయండి. వేళ పాటించే క్లినిక్ ఎక్కడో ఉందని విని, ఇక్కడి చికిత్స ఆపి వెతుక్కుంటూ తిరగడం మాత్రం వద్దే వద్దు.

ఇమ్యునోథెరపీ: ఇక్కడ మాత్రం పొద్దున్నే అడగండి

ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే మందులు ఇవి. వేళ విషయంలో ఇప్పుడు డాక్టర్లు ఎక్కువ ఆసక్తిగా మాట్లాడుకుంటున్నది దీని గురించే. అమెరికాలో అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీ వాళ్ళు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 299 మంది రికార్డులు చూశారు. 2021లో ప్రకటించారు. తమ డోసుల్లో ఐదోవంతు, అంతకంటే ఎక్కువ సాయంత్రం నాలుగున్నర తర్వాత తీసుకున్నవాళ్ళు తక్కువకాలం బతికారు. దీనికి వెంటనే వచ్చే అనుమానం ఒకటుంది. జబ్బు ముదిరినవాళ్ళో, దూరం నుంచి వచ్చేవాళ్ళో సాయంత్రం స్లాట్లలో పడి ఉండవచ్చు కదా?

ఆ అనుమానం తీరాలంటే చీటీ తీసినట్టు గుంపులు విడదీసి చూడాలి. చైనాలో హునాన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు అదే చేశారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 210 మందిలో సగం మందికి మొదటి 4 డోసులు మధ్యాహ్నం 3 గంటల లోపు, మిగతా సగానికి 3 తర్వాత. 2025లో చెప్పిన ఫలితం: జబ్బు మళ్ళీ పెరగకుండా ఉన్న కాలం ముందు గుంపులో సగం మందికి 11.3 నెలలు దాటింది, వెనక గుంపులో సగం మందికి 5.7 నెలలే దాటింది. అదే మందు, అదే ఖర్చు, తేడా గడియారంలోనే. ఒక్క దేశంలో 210 మందితోనే తీర్పు చెప్పేయలేం, వేరే చోట్ల కూడా ఇలాగే వస్తుందా అన్నది చూడాలి. కానీ పొద్దున తీసుకుంటే పోయేదేమీ లేదు. ఒక్కో డోసుకి లక్షలు పెట్టి, పొలం అమ్మి తెచ్చి ఎక్కించుకునే మందు ఇది. కాబట్టి నేనైతే మొహమాటపడకుండా అడుగుతాను.

అడిగితే చాలదు, దారి కూడా చూసుకోవాలి. డే-కేర్‌కి వెళ్ళిన రోజే రక్తం ఇస్తే, రిపోర్టు వచ్చి, డాక్టరు చూసి, మందు కలిపి తెచ్చేసరికి మూడు దాటిపోతుంది. ముందు రోజే మీ ఊరి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేయించి రిపోర్టు చేత్తో పట్టుకెళ్ళండి. ఆ ల్యాబ్ రిపోర్టు ఒప్పుకుంటారో లేదో ఆసుపత్రిలో ముందే కనుక్కోండి. ఇన్సూరెన్సు, ఆరోగ్యశ్రీ కాగితాలు కూడా ముందు రోజే చూపించేస్తే ఉదయం పది, పదకొండుకి మందు మొదలవుతుంది.

ఇంట్లో వేసుకునే మాత్రలు

పిల్లల రక్తక్యాన్సర్‌లో 6-ఎంపీ అనే మాత్ర ఏళ్ళ తరబడి రోజూ వేయాలి. 1985లో కెనడా డాక్టర్లు సాయంత్రం వేసిన పిల్లలకి జబ్బు తిరగబెట్టడం బాగా తక్కువని రాశారు. దాంతో ప్రపంచమంతా ఏళ్ళ పాటు రాత్రి పడుకునే ముందు, ఖాళీ కడుపుతో, పాలు తగలకుండా వేయమని చెప్పారు. నిద్రలో ఉన్న మూడేళ్ళ పిల్లాణ్ణి లేపి మాత్ర మింగించడం ఎంత కష్టమో ఆ తల్లులకే తెలుసు. తర్వాత నార్డిక్ దేశాల్లోనూ, అమెరికాలోనూ పెద్ద సంఖ్యలో పిల్లల్ని గమనిస్తే, పొద్దునా సాయంత్రమా అన్నదానికీ జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం కనబడలేదు. అమెరికా పరిశోధనలో బయటపడింది ఇంకొకటి. రోజుకో వేళకి వేసే ఇళ్ళల్లో మాత్రలు మర్చిపోవడం ఎక్కువ. మర్చిపోతే జబ్బు తిరగబెడుతుంది. అందుకని మీ ఇంట్లో ఏ వేళ ఎప్పుడూ తప్పదో, అన్నం తర్వాతో, సీరియల్ మొదలయ్యే ముందో, డాక్టరుగారికి చెప్పి ఆ వేళే ఖాయం చేసుకోండి.

కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ సంగతి వేరు. అది స్టెరాయిడ్. రాత్రి వేసుకుంటే నిద్ర ఎగిరిపోతుంది. రెండు పూటలు రాస్తే, రెండోది మధ్యాహ్నానికి జరపవచ్చా అని అడగండి. మా పిన్ని రెండు రాత్రులు కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ కూర్చున్నాక గానీ మాకు ఈ సంగతి తట్టలేదు.

నైట్ షిఫ్ట్: మానేయాలా, మార్చుకోవాలా?

ఇది రోగులకే కాదు, ఇంకా జబ్బు రానివాళ్ళకి కూడా. సింగరేణిలో, విశాఖ ఉక్కులో, ఆసుపత్రి వార్డుల్లో, హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో రాత్రిళ్ళు పనిచేసే మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ఇలాంటి షిఫ్ట్ పనిని '2ఎ' జాబితాలో, అంటే బహుశా క్యాన్సర్‌కి కారణం కావచ్చు అన్న జాబితాలో పెట్టింది. 2019లో మళ్ళీ చూసి అదే మాట చెప్పింది. ఆ జాబితా రుజువు ఎంత గట్టిదో చెబుతుంది గానీ, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. అమెరికా నర్సుల మీద 2001లో వచ్చిన పరిశోధనలో 30 ఏళ్ళు, ఆ పైన రాత్రి డ్యూటీలు చేసినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ 36 శాతం ఎక్కువ కనబడింది. 2016లో బ్రిటన్‌లో లక్షల మంది స్త్రీల సమాచారం చూస్తే పెరుగుదల ఏమీ కనబడలేదు. డెన్మార్క్ మాత్రం, ఏళ్ళ తరబడి రాత్రి పనిచేసి రొమ్ము క్యాన్సర్ వచ్చిన దాదాపు 40 మంది స్త్రీలకు నష్టపరిహారం ఇచ్చింది.

ఇన్ని చదివాక నాకనిపించేది: నాలుగైదేళ్ళు నైట్ షిఫ్ట్ చేసినవాళ్ళు భయపడి ఉద్యోగం వదులుకోనక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా వారానికి మూడు, అంతకంటే ఎక్కువ రాత్రులు చేస్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఇంకా నెలసరి ఆగని ఆడవాళ్ళు, మార్పు కోసం గట్టిగా అడగాలి. పూర్తిగా మానేయడం కుదరకపోతే షిఫ్టుల అమరికనైనా మార్చుకోవచ్చు. వరసగా 3 రాత్రుల కంటే ఎక్కువ వద్దు. ఒక డ్యూటీకి ఇంకో డ్యూటీకి మధ్య కనీసం 11 గంటలు ఉండాలి. ఉదయం, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి, ఇలా ముందుకి తిరిగే వరస, వెనక్కి తిరిగే వరస కంటే ఒంటికి తేలిక. చికిత్సలో ఉన్నవాళ్ళు అయితే ఆ కొన్ని నెలలూ పగటి డ్యూటీ కోసం డాక్టరు చేత ఉత్తరం రాయించుకుని ఇవ్వండి. అడగడానికి సిగ్గుపడకండి.

షిఫ్ట్ కన్నా పొగాకు ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదం. రాత్రి నిద్ర ఆపుకోవడానికి సిగరెట్టో, గుట్కానో మొదలుపెట్టినవాళ్ళు ముందు అది మానాలి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తారు, చేయించుకోండి.

ఎండా, మాత్రా?

చికిత్సలో ఉన్నవాళ్ళకి పగలంతా మగత, రాత్రంతా మెలకువ. ఇది ఒట్టి చిరాకు విషయం కాదు. రొమ్ము క్యాన్సర్ ముదిరిన స్త్రీలలో, రోజంతా కార్టిసాల్ ఎక్కువ తక్కువలు లేకుండా చదునుగా ఉన్నవాళ్ళు తక్కువకాలం బతికారని 2000లోనే గమనించారు. ఆ గాడి సరిచేస్తే ఆయుష్షు పెరుగుతుందని దాని అర్థం కాదు. పగలు పగలులా, రాత్రి రాత్రిలా గడిస్తే మనిషికి కాస్త ఓపిక వస్తుంది, అది చాలు.

మెలటోనిన్ మాత్ర క్యాన్సర్‌నే తగ్గిస్తుందని ఫార్వర్డ్ మెసేజీలు తిరుగుతుంటాయి. కెనడాలో ఊపిరితిత్తి ఆపరేషన్ అయిన 709 మందికి కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల మెలటోనిన్, కొందరికి ఉత్త మాత్ర ఏడాది పాటు ఇచ్చి చూశారు. రెండేళ్ళకి జబ్బు తిరగబెట్టిన వాళ్ళ లెక్కలో తేడా లేదు. నిద్ర కోసం తక్కువ మోతాదులో కొందరికి అది పనికిరావచ్చు, కానీ మీ క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకండి.

నా ఓటు పొద్దుటి వెలుగుకే. కీమోలో ఉన్న స్త్రీలకు రోజూ పొద్దున అరగంట ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చోబెడితే, మసక దీపం ముందు కూర్చున్నవాళ్ళలో పెరిగినట్టు నీరసం పెరగలేదని అమెరికాలో చూశారు. అక్కడ దీపం కొనుక్కోవాలి. మనకి వాకిట్లోనే ఉంది. వెలుగును కొలిచే లక్సుల లెక్కలో ట్యూబ్‌లైటు వెలుగు వందల్లో ఉంటే, బయట పొద్దుటి వెలుగు వేలల్లో ఉంటుంది. నిద్ర లేచాక అరగంట అరుగు మీదో, బాల్కనీలోనో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వేసవిలో ఎనిమిది లోపే అయిపోవాలి. రేడియేషన్ పెట్టిన చోట ఎండ తగలకుండా గుడ్డ కప్పండి. 5-ఎఫ్‌యూ లాంటి మందులతో చర్మం ఎండకి త్వరగా నల్లబడుతుంది, వాళ్ళు నీడ పట్టున కూర్చున్నా కంటికి వెలుగు అందుతుంది. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి. రాత్రి గదిలో టీవీ వద్దు. ఆసుపత్రి వార్డులో రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి, కళ్ళకి నల్ల గుడ్డ కట్టుకుంటే చాలా తేడా తెలుస్తుంది.

ఒక భయం గురించి కూడా చెప్పాలి. 2022లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ శాస్త్రవేత్తలు, 30 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీల రక్తం తెల్లవారుజామున 4 గంటలకీ, ఉదయం 10 గంటలకీ తీసి చూశారు. కణితి నుంచి రక్తంలోకి వచ్చే కణాల్లో మూడొంతులకు పైగా ఆ నాలుగు గంటల రక్తంలోనే దొరికాయి. ఈ వార్త చదివి "పడుకుంటే క్యాన్సర్ పాకుతుందట" అని ఒకావిడ వెయిటింగ్ హాల్లో ఏడ్చింది. అది తప్పు. ఆ పరిశోధన చెప్పేది, రక్తపరీక్షలు ఏ వేళకి తీయాలో, మందు ఏ వేళకి ఇవ్వాలో ఆలోచించమని. నిద్ర మానుకోమని ఎవరూ చెప్పలేదు. హాయిగా పడుకోండి.

మా పిన్ని విషయానికొస్తే, మూడో వారంలో నేను ఆ లక్నో కాగితం ప్రింటు తీసి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పూర్తిగా చదివి, "సాయంత్రం లిస్టులో చోటుంది, మార్చుదాం. కానీ ఒక్క రోజు కూడా గ్యాప్ రాకూడదు" అన్నారు. మర్నాటి నుంచే సాయంత్రం ఆరుంపావుకి మార్చారు. విరేచనాలు తగ్గాయి. అది వేళ వల్లనా, మాత్రల వల్లనా, పిన్ని పాలు మానేసి పెరుగన్నం మీద ఉండడం వల్లనా అంటే చెప్పలేను. మొత్తం చికిత్స 52 రోజుల్లో పూర్తయింది. ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్‌కి తీసుకెళ్తున్నాను. అపాయింట్‌మెంట్ ఎన్నింటికి కావాలని అడిగితే పిన్ని నాకంటే ముందే చెబుతుంది: "పదింటికి రాయమ్మా, పొద్దున అరగంట ఎండలో కూర్చుని వస్తాను."